కూర్చోలేని వాళ్ళు

ప్రతి సాయంత్రం వేదిక ఎక్కే ముందు
నేను డెల్ఫినా కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని
బూట్ల లేసులు కడతాను.
ఆమె వంగలేదు.
ఎడమది కొంచెం బిగువుగా, కుడిది వదులుగా,
రెండేసి ముళ్ళు.
ఆ కాసేపూ మేం మాట్లాడుకోం.
ఆమె వేళ్ళు ఉత్త గాలిలో మీటలు వెతుక్కుంటుంటాయి.

మూడేళ్ళ కిందటి జూలై.
ఇక్కడ జూలై అంటే నడిచలికాలం.
గోబెర్నదోర్ కోస్తా దాటాక రోడ్డు మీద
గాజులా పేరుకున్న మంచు, కంటికి ఆనలేదు.
వ్యాను మూడు పల్టీలు కొట్టింది.
ఆమె బాందోనియన్ ఎండుగడ్డిలో పడి
మడతలు విప్పుకుని ఒక్కసారి గాలి వదిలింది.
మనిషి మూలిగిందనుకుని అటు పరిగెత్తాను.
మనిషి ఇటు ఉంది.

వాద్యాన్ని పదిహేను రోజుల్లో బాగుచేసి ఇచ్చారు.
ఆమె కటి ఎముకలో తొమ్మిది మరలు, ఒక రేకు.
నా మోచేతి మీద ఒక గీత.
బండి నడిపింది నేనే.

డాక్టర్లు అంకె అడుగుతారు,
ఒకటి నుంచి పది లోపల.
ఆమె లెక్క అది కాదు.
సలుపు వేరు: పక్క సందులో ఎవరో
ఆపకుండా వదిలేసిన లారీ ఇంజను, తెల్లవార్లూ.
పోటు వేరు: కంకర రోడ్డు మీద
టైరు కింద నుంచి ఎగిరొచ్చే రాయి.
తీపంటే, గాలి మారే ముందు
తొడ లోపల తాడు పేనడం.
ఇంకొకటుంది, జివ్వుమనేది.
దాని గురించి చెప్పదు. మాట మధ్యలో ఆగిపోతుంది.
మేమంతా కిటికీలోంచి
గొర్రెల్ని చూస్తూ ఉంటాం, గొర్రెలు లేకపోయినా.

ఇరవై నిమిషాలకు మించి కూర్చోలేదు గనక
ఆపిల్ పెట్టె మీద ఒక కాలు పెట్టి
నిలబడే వాయిస్తుంది.
"ఆ నిలబడటం ఒక తిరుగుబాటు" అని
కొమొదోరోలో పత్రికవాడు రాశాడు.
చదివి పగలబడి నవ్వింది.
నవ్వినందుకు గంటసేపు గోడ పట్టుకుంది.

రియో మాయోలో నిన్న రాత్రి
గొర్రెలబొచ్చు కత్తిరించే వాళ్ళ క్లబ్బు.
హీటరు పనిచేయలేదు. నలభై మంది, కోట్లు విప్పకుండానే విన్నారు.
చివరి పాటలో ఒకచోట
ఆమె గాలి తెరిచి, మూయడం ఆపేసింది.
ఒక్క స్వరం అలా సాగి, సాగి, సన్నబడి...
జనం కళ్ళు తుడుచుకున్నారు.
నేను గిటారు మీద కూనిరాగం లాంటిదేదో వాయించి
సందు పూడ్చాను.
అది ఏమిటో నాకు తెలుసు.

ఇంకొకాయనకీ తెలుసు.
అందరూ వెళ్ళాక ఆ ముసలాయన వచ్చాడు,
ఫౌస్తో నవెల్కిర్. నలభై ఏళ్ళు గొర్రెల మీద వంగిన మనిషి.
బాగుందనలేదు. చప్పట్ల ఊసెత్తలేదు.
"ఎక్కడ?" అన్నాడు.
"కటి."
"నాకు నడుము."
చుట్టూ నూట ఇరవై కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.
ఇద్దరూ నిలబడే ఒక మాతే గిన్నె అటూ ఇటూ మార్చుకుంటూ
వేడినీళ్ళు అయిపోయేదాకా తాగారు.
పడుకునేటప్పుడు మోకాళ్ళ మధ్య గొర్రెతోలు మడిచి పెట్టుకోమని
ఆయన చెప్పాడు.
కుడివైపు తిరగొద్దన్నాడు.
అంతే. ఒక్క మాటైనా పాట గురించి కాదు.
మూడేళ్ళలో ఆమె భుజాలు అంత కిందికి దిగడం నేను చూడలేదు.
నాకు కొంచెం అసూయ కూడా వేసింది, దాచడమెందుకు.

లాడ్జిలో ఆమె గది ఈ చివర, నాది ఆ చివర.
తెల్లారి ఆరింటికి, ఎస్కెల్ వెళ్ళే బస్సుకు
తలుపు కొట్టాను.
సిద్ధంగా నిలబడి ఉంది, భుజాన పెట్టె.
అలవాటుగా గొంతుక్కూర్చున్నాను.

ఎడమది బిగువుగా, కుడిది వదులుగా
రెండేసి ముళ్ళు.
నిన్న సాయంత్రం నేను వేసినవే.